మార్చి గాలిదుమారంలో గాలం వేసేదెట్లా? నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్‌కి పోయేవాళ్ళు చెప్పండి

మల్లేపల్లి_గాలం:
ఈ నెలాఖరులో నలుగురం కలిసి సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున ఉన్న వైజాగ్ కాలనీ వైపు పోదామనుకుంటున్నాం. నిరుడు ఇదే టైముకి పోతే పొద్దున నెత్తి మాడే ఎండ, మూడింటికి గాలిదుమారం. బెండు ఎటు పోయిందో కనపడలేదు, పిండి డబ్బా నీళ్ళపాలు. ఇంటికి తెచ్చింది మూడు జిలేబీ చేపలు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. ఎప్పుడు పోవాలి, ఏ ఎర పెట్టాలి?

పెద్దవూర_బాబాయ్:
తమ్ముడూ, మూడింటి దాకా ఎందుకున్నావు? ఎండాకాలం మొదట్లో వానగాలి ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే లేస్తుంది. చీకటితో పోయి తొమ్మిదిన్నరకల్లా సర్దుకోవాలి. ఇంకో మాట. సాగర్ నిండితే నీటిమట్టం సముద్రమట్టం నుంచి 590 అడుగులు. మార్చికి నీళ్ళు బాగా లోపలికి జరుగుతాయి. నిరుడు కూర్చున్న బండ ఈసారి ఒడ్డుకి చాలా దూరంలో ఉండొచ్చు. కొత్తగా బయటపడ్డ ఒండ్రు పైన ఎండి పగుళ్ళు కనిపిస్తుంది, కింద మెత్తటి బురద. నేను మోకాలి దాకా దిగబడి చెప్పు అక్కడే వదిలేసి వచ్చాను. ముందు కట్టెతో పొడిచి చూసి అడుగెయ్యి.

గాలి నీ మొహానికి కొట్టే ఒడ్డునే కూర్చో. విసరడం కష్టమే, కానీ అల కొట్టి నీళ్ళు కలకబారిన చోటికి మేత కొట్టుకొస్తుంది, చేప కూడా దాని వెనకే వస్తుంది.

దిండి_రాత్రులు:
బాబాయ్ మాటకి ఒక చేర్పు. ఎర ఏదైనా లోతు చూసుకోవాలి. బొచ్చె పైనీళ్ళలో మేస్తుంది, రవ్వ మధ్యలో, మ్రిగాల అడుగున. నేను వేరుశనగ చెక్క, తవుడు కలిపి ముద్ద చేస్తాను. గాలి ఉంటే కాస్త మైదా ఎక్కువ, లేకపోతే విసిరేటప్పుడే ఊడిపోతుంది. మబ్బు పట్టి ఉక్కపోస్తుంటే మాత్రం చేప పిచ్చిగా కొడుతుంది, వదలొద్దు.

పాలమూరు_కొర్రమట్ట:
ఉక్కపోత మాట ఒప్పుకోను అన్నా. రాత్రంతా మబ్బు, గాలి కదలకపోతే తెల్లారేసరికి నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. మా ఊరి చెరువులో రవ్వలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. చేప పైనే కనిపిస్తుందని మురిసిపోయి గాలం వేస్తే ఒక్కటీ ముట్టదు. అది ఊపిరికి తంటాలు పడుతుంటే నీ పిండి ఎవడిక్కావాలి?

అలాంటి రోజు నేను కొర్రమట్టకే, అదే కొర్రమీనుకే పోతాను. అది నేరుగా గాలి పీల్చే చేప. గుర్రపుడెక్క సందుల్లో పైకొచ్చి గుటక వేసిన చోట చిన్న కప్పను ఆడిస్తే చాలు. ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే మాత్రం వదిలెయ్యండి, తల్లి కింద కాపలా ఉంటుంది. చెరువుల్లో అయితే ముందు మత్స్యకారుల సంఘం వాళ్ళని అడగాలి, గొడవలు మనకెందుకు.

దిండి_రాత్రులు:
సరే, చెరువుకి నీ మాట నిజం కావచ్చు. నేను చెప్పింది పెద్ద నీళ్ళ సంగతి, అక్కడ అల ఆడుతూనే ఉంటుంది.

పిడుగు గురించి ఎవరూ రాయలేదు. ఒకసారి దూరంగా ఉరుముతుంటే ఇంకో పది నిమిషాలు చూద్దామని ఆగాను. చేతిలోని కార్బన్ గాలం కట్టె సన్నగా జివ్వుమంది, ముంజేతి మీద వెంట్రుకలు లేచాయి. కట్టె అక్కడే పారేసి కారులో దూరాను. కార్బన్‌లో కరెంటు పారుతుంది. అప్పటినుంచి ఫోన్‌లో పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్ ఉంది, ఉరుము వినపడితే చెట్టు కిందికి కాదు, కారులోకే.

పోర్ట్‌లాండ్_పాలమూరోడు:
ఇక్కడ అమెరికాలో కొలంబియా నదిలోనూ ఇదే గోల. మార్చి, ఏప్రిల్‌లో చినూక్ సాల్మన్ సముద్రం నుంచి ఎదురెక్కుతుంది. పొద్దున ఎండ, మధ్యాహ్నం వడగండ్లు. పైన మంచు కరిగినా, వాన పడినా నీళ్ళు మట్టిరంగుకి తిరుగుతాయి, ఇక ఆ రోజు గోవిందా. తమాషా ఏంటంటే, నదిలోకి వచ్చాక సాల్మన్ మేత మానేస్తుంది. ఆకలితో కాదు, చిరాకుతో కొడుతుందని ఇక్కడివాళ్ళు అంటారు. లైసెన్స్ లేనిదే గాలం ముట్టుకోకూడదు. పడ్డా వెన్ను మీద తోక దగ్గరి చిన్న రెక్క చూడాలి: కత్తిరించి ఉంటే హేచరీలో (చేపపిల్లల కేంద్రంలో) పుట్టింది, తెచ్చుకోవచ్చు, రెక్క అలాగే ఉంటే వదిలెయ్యాలి. పోయినేడు నాకు పడ్డ ఒక్కదానికీ ఆ రెక్క ఉంది.

మల్లేపల్లి_గాలం:
నిన్న పోయొచ్చాం. అయిదున్నరకి నీళ్ళ దగ్గరున్నాం, బాబాయ్ చెప్పినట్టు గాలి ఎదురొచ్చే ఒడ్డున. గంటన్నర దాకా బెండు కదల్లేదు. ముద్దని రెండు జానలు పైకి జరిపాక ఒక్కసారి పక్కకి ఒరిగి మాయమైంది. బొచ్చె, మూడు కిలోల పైనే. తర్వాత రెండు రవ్వలు. మావాళ్ళు ఇంకో గంట ఉందామన్నారు, నేను వినలేదు. దేవరకొండ దాటాక రాళ్ళవాన మొదలైంది, కారు బానెట్ మీద నాలుగు సొట్టలు. బొచ్చె తలకాయ పులుసైంది. సొట్టల సంగతి మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.