మెడ పట్టేసినప్పుడు సెలూన్‌లో విరిపించుకోవచ్చా?

నల్లగొండ మాష్టారు (చర్చ ప్రారంభం):

నిన్న తెల్లవారి లేచేసరికి నా మెడ కుడివైపు తిరగడం మానేసింది. మొన్న రాత్రి విజయవాడ నుంచి బస్సులో కిటికీకి తల ఆనించి కునికిపాట్లు పడుతూ వచ్చాను, ఇంటికి చేరాక మిగిలిన రెండు గంటలూ బోర్లా పడుకున్నాను. ఇప్పుడు ఎవరైనా పిలిస్తే మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూడవలసి వస్తున్నది; పళ్లు తోముకుని పుక్కిలించడానికి తల పైకెత్తబోతే ప్రాణం పోయినంత పని అయింది. మా అమ్మ ఆనవాయితీ ప్రకారం నా తలగడను డాబా మీద ఎండలో వేసింది. పక్కింటి ఆయన మాత్రం వీధి చివర సెలూన్‌లో కూర్చుంటే రెండు నిమిషాల్లో టక్కుమనిపించి పంపిస్తారని చెప్పారు. చెప్పులు వేసుకుంటుండగా మా అమ్మాయి అడ్డుపడి, అలా విరిపించుకుంటే పక్షవాతం వస్తుందని గొడవ చేసింది. ఇద్దరిలో ఎవరి మాట వినాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

హైవే బాటసారి:

మాష్టారూ, నేను పదిహేనేళ్లుగా లారీ నడుపుతున్నాను. నెలకొకసారి క్షవరం చేయించుకున్నప్పుడల్లా తల మర్దన, ఆ తరువాత మెడ అటొకసారి ఇటొకసారి విరిపించుకోవడం నాకు అలవాటు. నాకు ఇంతవరకు ఏ పక్షవాతమూ రాలేదు సరికదా, ఆ శబ్దం రాకపోతే క్షవరం పూర్తి అయినట్లే అనిపించదు. ఎముక పక్కకు జరిగినప్పుడే మెడ పడుతుందనీ, విరిస్తే అది తన చోటికి వస్తుందనీ మా పెద్దలు చెప్పేవారు. మీరు నిశ్చింతగా వెళ్లిరండి.

వరంగల్ ఫిజియో:

వృత్తిరీత్యా ఇటువంటి మెడలను రోజూ చూస్తుంటాను కనుక కాస్త వివరంగా రాస్తున్నాను, విసుగు చెందవద్దు.

మొదట ఆ ఎముక సంగతి. రాత్రికి రాత్రి పడుకుని లేచినంత మాత్రాన వెన్నుపూస జరగదు, నిజంగా జరిగితే ఆ మనిషి నడిచి సెలూన్‌కు వెళ్లే స్థితిలో ఉండడు. టక్కుమనే శబ్దం కూడా ఎముక సర్దుకున్న శబ్దం కాదు. కీలు లోపలి జిగురు ద్రవంలో ఒత్తిడి హఠాత్తుగా తగ్గి వాయువు బుడగలా ఏర్పడినప్పుడు అది వినిపిస్తుంది. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు వేలి మెటిక విరుగుతుండగా ఎం.ఆర్.ఐ. యంత్రంలో చిత్రీకరించి ఈ బుడగను చూపించారు. విరిచిన వెంటనే హాయిగా ఉంటుందన్న మాట నిజమే, కానీ ఆ హాయి కొద్దిసేపటిదే.

మాష్టారికి జరిగినది వేరు. మెడలోని పై నాలుగు పూసల నుంచి భుజపు రెక్క ఎముక పై మూల వరకు ఒక కండరం ఉంటుంది. తల రెండు మూడు గంటలు ఒకే పక్కకు వాలిపోయి ఉంటే ఆ కండరం గానీ, పూసల వెనుక ఉండే చిన్న కీళ్లు గానీ ఒరిపిడికి గురవుతాయి. అప్పుడు చుట్టుపక్కల కండరాలు ఆ చోటును కదలనీయకుండా బిగుసుకుంటాయి. మనం పట్టేసిందని అనేది ఈ బిగువునే. నాలుగున్నర, ఐదు కిలోల తలను మోసే మెడ తనను తాను కాపాడుకోవడానికి వేసుకున్న కట్టు అది. దానిని ఇంకొకరు ఒక్క ఊపున తిప్పితే ఆ కట్టును బలవంతంగా తెంపినట్లవుతుంది.

ఇక అమ్మాయి భయం. అది అరుదైన ప్రమాదమే, కానీ కట్టుకథ కాదు. మెడ పూసల పక్కనున్న రంధ్రాల గుండా రెండు రక్తనాళాలు మెదడు వెనుక భాగానికి వెళతాయి. మనం తల పక్కకు తిప్పే తిప్పులో సుమారు సగం మొదటి రెండు పూసల మధ్యనే జరుగుతుంది కనుక, అక్కడ మలుపు తిరిగే నాళం మీద కుదుపు ఎక్కువగా పడుతుంది. దాని లోపలి పొర చిరిగితే రక్తం గడ్డకట్టి మెదడుకు వెళ్లే ప్రమాదం ఉన్నది. 2022లో హైదరాబాద్‌లో ఒక బ్యూటీ పార్లర్‌లో బేసిన్ అంచు మీద మెడ వెనక్కి వాల్చి తల కడిగించుకుంటున్న యాభై ఏళ్ల మహిళకు కళ్లు తిరిగి వాంతులయ్యాయని, అది చిన్న మెదడులో వచ్చిన పక్షవాతమని తేలిందని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. అక్కడ మెడను విరిచిన వారు కూడా లేరు.

హైవే బాటసారి:

ఫిజియో గారు చెప్పినది కాదనను. అయితే అమెరికాలో ఇదే పనిని డిగ్రీ చదివినవారు బోర్డు పెట్టుకుని చేస్తుంటే వైద్యం అవుతుంది, మన ఊళ్లో చేతి వృత్తివారు చేస్తే మూఢత్వం అవుతుందా? సమాధానం చెప్పండి.

డల్లాస్ నుంచి ఒక గృహిణి:

ఆ ప్రశ్న నాకు వర్తిస్తుంది కనుక రాస్తున్నాను. ఇక్కడ వారిని కైరోప్రాక్టర్లు అంటారు. 1895లో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో పామర్ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి ఇది. నా మెడ పట్టినప్పుడు నేనూ వెళ్లాను. వెళ్లగానే పట్టుకుని విరవలేదు. చేతులు తిమ్మిరెక్కుతున్నాయా, కళ్లు తిరుగుతున్నాయా, ఈ మధ్య ఎక్కడైనా పడ్డారా అని అరగంట అడిగి, ప్రమాదాల గురించి రాసిన కాగితం మీద సంతకం తీసుకున్నారు. అంత చేసినా, మెడను ఇలా తిప్పించుకోవడానికీ రక్తనాళాలు చిరగడానికీ సంబంధం కనిపిస్తున్నదని, అది అరుదే అయినా ముందుగానే రోగికి చెప్పాలని 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ప్రకటించింది. అప్పటికే నాళం చిరిగి, ఆ నొప్పితోనే కైరోప్రాక్టర్ దగ్గరకు వచ్చేవారు కూడా ఉంటారు కనుక కారణం ఏది, ఫలితం ఏది అన్న వాదం ఇక్కడ కూడా తెగలేదు. కాబట్టి బాటసారి గారూ, డిగ్రీ ఉన్నవారిని కూడా ఎవరూ వదిలిపెట్టలేదు.

కత్తెర:

నేను నాయీ బ్రాహ్మణుణ్ణి, మా తాత కాలం నుంచి మాది ఇదే వృత్తి, తెనాలి దగ్గర సెలూన్ నడుపుతున్నాను. ఈ చర్చలో మా మాట లేదు కనుక చెబుతున్నాను. మా నాన్నగారు మెడ విరిచేవారు, కానీ పట్టిన మెడను ఎన్నడూ విరవలేదు. నొప్పితో వచ్చినవారిని కుర్చీలో కూర్చోబెట్టి, గోరువెచ్చని నువ్వుల నూనె చేతికి రాసుకుని, మెడను ముట్టుకోకుండా ముందు భుజాలు, రెక్కల మధ్య బొటనవేలితో నెమ్మదిగా నొక్కేవారు. వేలి కింద చింతగింజంత ముడి తగిలితే అక్కడే ఆగి, కుర్చీలోని మనిషి ఊపిరి వదిలేదాకా చూసి, మళ్లీ నొక్కేవారు. మెడను మాత్రం మనిషి తనంతట తానే తిప్పుకోవాలనేవారు. ఇప్పుడు కుర్రవాళ్లు ఫోన్లలో వీడియోలు చూసి, శబ్దం ఎంత గట్టిగా వస్తే అంత గొప్ప అనుకుంటున్నారు. 2017లో ఢిల్లీ వైపు ఒకాయనకు మెడ విరిచిన తరువాత ఊపిరి తీయించే నరాలు దెబ్బతిని వెంటిలేటర్ మీద పెట్టవలసి వచ్చిందన్న వార్త చదివిన నాటి నుంచి నా షాపులో విరవడం పూర్తిగా మానేశాను. అడిగినవారికి ఇంకో ఐదు నిమిషాలు మర్దన ఎక్కువ చేస్తున్నాను, అంతే. మా చేతిని తక్కువ చేయకండి, మా చేతితో చేయరాని పనిని మా మీద రుద్దకండి.

గోదారి గట్టు:

కత్తెర గారి మాటకు నా నమస్కారం. విరవకూడదంటే మరి ఏం చేయాలో కూడా తేల్చండి. మా ఇంట్లో వావిలాకు కాపడం పెడతారు, ఆ తరువాత అమృతాంజనం పూస్తారు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు బొంబాయిలో దానిని మొదలుపెట్టిన నాటి నుంచి తెలుగువారి మెడలకు అదే దిక్కు కదా! నొప్పి తగ్గకపోతే మందుల షాపులో కండరాలు వదులయ్యే మాత్రలు ఇస్తున్నారు. ఐసు పెట్టమనేవారు కూడా ఉన్నారు.

వరంగల్ ఫిజియో:

నిద్రలో పట్టిన మెడకు వేడి బాగా నప్పుతుంది, ఐసుతో హాయిగా ఉన్నవారు అదే పెట్టుకోవచ్చు, దీని మీద పోట్లాట అవసరం లేదు. వావిలాకైనా, పెనం మీద వేయించిన ఉప్పు మూటైనా పని చేసేది వేడే. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు, చర్మానికీ మూటకూ మధ్య మడత పెట్టిన తువ్వాలు ఉండాలి. బామ్ పూసిన చోట వెంటనే కాపడం మాత్రం పెట్టకండి. రెండు మంటలు కలిసి చర్మం బొబ్బలెక్కిన వారిని చూశాను, వారిలో మధుమేహం ఉన్నవారికి కాలుతున్న సంగతే తెలియలేదు.

కాపడం తరువాత కుర్చీలో నిటారుగా కూర్చుని, నొప్పి లేని వైపునకు ముందుగా, ఆ తరువాత నొప్పి ఉన్న వైపునకు, నొప్పి మొదలయ్యే హద్దు వరకే తలను మెల్లగా తిప్పి ఐదు లెక్కపెట్టి వెనక్కి తీసుకురావాలి. గంటకొకసారి నాలుగైదు మార్లు చేయాలి. పట్టీ వేసుకుని రోజుల తరబడి కదలకుండా కూర్చుంటే బిగువు ఇంకా పెరుగుతుంది. మాత్రల విషయానికొస్తే, మన షాపుల్లో తరచుగా ఇచ్చే థయోకాల్చికోసైడ్‌ను ఏడు రోజులకు మించి వాడరాదని, గర్భిణులకు, పదహారేళ్ల లోపు వారికి అసలే ఇవ్వరాదని ఐరోపా ఔషధ సంస్థ ఆంక్షలు పెట్టింది. డాక్టరు చీటీ లేకుండా దాని జోలికి పోవద్దు.

జ్వరం, విపరీతమైన తలనొప్పి, వాంతులతో పాటు గడ్డం ఛాతీకి ఆననంతగా మెడ బిగిస్తే అది మెదడు పొరల వాపు జబ్బు (మెనింజైటిస్) కావచ్చు, కాపడం పెడుతూ కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. చేయి తిమ్మిరెక్కినా, చేతి పట్టు సడలినా, ప్రమాదంలో పడ్డ తరువాత నొప్పి వచ్చినా అంతే. వాంతులు తగ్గడానికి మెటోక్లోప్రమైడ్ వంటి మందు వేసుకున్న కొన్ని గంటలకు, ముఖ్యంగా కుర్రవాళ్లకు, మెడ దానంతట అదే ఒక పక్కకు తిరిగిపోవడం కూడా ఉన్నది. అది మందు వల్ల వచ్చినది, దానికి విరుగుడు ఇంజెక్షన్ ఉంటుంది. దీనిని గాలి పట్టిందని దిష్టి తీయించినవారిని ఎరుగుదును.

హైవే బాటసారి:

కత్తెర గారి మాట ముందు నా పదిహేనేళ్ల అనుభవం చిన్నబోయింది. అయినా మర్దన మాత్రం మానను.

నల్లగొండ మాష్టారు:

అందరికీ కృతజ్ఞతలు. సెలూన్‌కు వెళ్లలేదు. రెండు పూటలా ఉప్పు కాపడం పెట్టుకుంటూ, గంటకొకసారి ఫిజియో గారు చెప్పినట్లు తిప్పుకుంటున్నాను. నిన్న గోడ మీద క్యాలెండర్ వరకే తిరిగిన తల, ఈరోజు దాని పక్కనున్న కిటికీ దాటి తులసి కోట కనిపించేదాకా తిరుగుతున్నది. వెనుక వచ్చే బండిని చూసుకోలేను కనుక స్కూటరు ఇంకా తీయలేదు, బడికి ఆటోలో వెళుతున్నాను. తలగడ విషయంలో మా అమ్మే గెలిచిందనుకోవాలి. ఎండలో వేసిన ఆ పాత బూరుగు దూది దిండును సాయంత్రం తీసి చూస్తే లోపల దూది ఒక మూలకు చేరి రాయిలా గడ్డకట్టి ఉన్నది. విప్పించి ఏకించడానికి ఇచ్చాను.