కాన్షస్‌నెస్‌కి తెలుగు మాట: నా ఓటు ‘స్పృహ’కే

విశ్వంలో మనసు ఎలా పుట్టింది, ఎలా ఎదిగింది అన్న విషయం మీద తెలుగులో వ్యాసం రాస్తున్న సభ్యులొకరు ఇక్కడ అడిగారు: ‘కాన్షస్‌నెస్’ని చైతన్యం అనాలా, స్పృహ అనాలా, ఎరుక అనాలా? ఎక్కువమంది చైతన్యం అన్నారు. నేను స్పృహ అంటాను. ఎందుకో కామెంటులో చెబితే పట్టదని విడిగా రాస్తున్నాను.

సంస్కృతంలో స్పృహ అంటే కోరిక. గీత నాలుగో అధ్యాయంలో ‘న మే కర్మఫలే స్పృహా’ అన్నప్పుడు కృష్ణుడు తనకు కర్మఫలం మీద ఆశ లేదంటున్నాడు. స్పృహణీయం అంటే కోరదగినది. మరాఠీలో ఒక మనిషిని నిఃస్పృహుడంటే పొగిడినట్టే, స్వలాభం చూసుకోనివాడని. మనం మాత్రం ఆపరేషన్ థియేటర్ బయట నిలబడి ‘స్పృహ వచ్చిందాండీ?’ అని నర్సునడుగుతాం. ఆ మాటలో కోరిక ఎక్కడా కనిపించదు.

కానీ పాత అర్థం తెలుగులోంచి పూర్తిగా పోలేదు. నిస్పృహలో ఉండిపోయింది. గీత రెండో అధ్యాయం చివర్లో కోరికలన్నీ వదిలి నిఃస్పృహుడై తిరిగేవాడు శాంతిని పొందుతాడు. మన ‘నిరాశా నిస్పృహల’లో పడ్డవాడికి అన్నం కూడా సయించదు. నాకు తోచినంతలో ఈ రెండు అర్థాల మధ్య దారి ఇలాంటి చోటే ఉంది. తిండి ముందు పెట్టినా చూడడు, బిడ్డ వచ్చి పిలిచినా తిరగడు. అలాంటివాణ్ణి చూసి ‘ఏ స్పృహా లేదు’ అంటే అందులో కోరిక లేకపోవడమూ ఉంది, ఎరుక లేకపోవడమూ ఉంది.

ఇక్కడే నాకు ఋగ్వేదం పదో మండలంలోని 129వ సూక్తం, సృష్టి మొదలు గురించి చెప్పే నాసదీయం గుర్తొస్తుంది. అందులో నాలుగో మంత్రం:

కామస్తదగ్రే సమవర్తతాధి
మనసో రేతః ప్రథమం యదాసీత్ ।
సతో బంధుమసతి నిరవిందన్
హృది ప్రతీష్యా కవయో మనీషా ॥

మొట్టమొదట కామం కలిగింది. మనసుకు తొలి బీజం అదే. కవులు తమ హృదయంలో వెతికి, ఉన్నదానికీ లేనిదానికీ మధ్య చుట్టరికాన్ని కనుక్కున్నారు. రెండో పాదంలో ‘మనసః’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. అది షష్ఠీ కావచ్చు, పంచమీ కావచ్చు, రూపం ఒకటే. షష్ఠి అనుకుంటే కామం మనసుకు విత్తనం, అంటే కోరిక ముందు, మనసు తర్వాత. పంచమి అనుకుంటే మనసు నుంచి వచ్చిన తొలి బీజం కామం, అంటే మనసే ముందు. విశ్వంలో మనసు ఎప్పుడొచ్చింది అన్న ప్రశ్న మొత్తం ఒక విభక్తి మీద నిలబడింది! నేను షష్ఠి పక్షం. మంత్రంలో ‘అగ్రే’ అని మొదట చెప్పింది కామాన్ని గురించే కదా.

ఇందులో ఆధునిక శాస్త్రం దాగి ఉందని నేను అనడం లేదు. ఆ ఋషి పనిముట్లు వేరు, ప్రశ్న వేరు. అయినా జీవశాస్త్రం వైపు నుంచి చూస్తే కోరికను ముందు పెట్టడం నాకు సబబుగానే అనిపిస్తుంది.

విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లు, భూమి వయసు 454 కోట్లు. 350 కోట్ల ఏళ్ల కిందటికే ఇక్కడ సూక్ష్మజీవులున్నాయి. వాటికి నరాల్లేవు, మెదడు లేదు. ఇప్పుడు మన పేగుల్లో ఉండే ఈ. కోలై బ్యాక్టీరియానే తీసుకోండి. తోకల్లాంటి పోగులు తిప్పుకుంటూ కొంచెం తిన్నగా ఈదుతుంది, ఆగి దొర్లి దిక్కు మార్చుకుంటుంది, మళ్లీ ఈదుతుంది. చుట్టూ ఆహారం పెరుగుతున్న దిక్కున పోతుంటే దొర్లడం తగ్గించి తిన్నగా సాగిపోతుంది. పెరుగుతోందని ఎలా తెలుస్తుంది? కొన్ని క్షణాల కిందట తగిలిన మోతాదుతో ఇప్పటిదాన్ని పోల్చుకుంటుంది. ఆ చిన్న జ్ఞాపకం దాని పైపొరలోని ప్రొటీన్ల మీద రసాయన గుర్తుల రూపంలో ఉంటుంది. దీన్ని స్పృహ అనను. కానీ ఒకటి కావాలి, ఒకటి వద్దు అన్న తేడా మాత్రం ఇందులో ఉంది. రాయికి ఆ తేడా లేదు.

నరాలు, కళ్లు, వేట, పారిపోవడం ఇవన్నీ పెద్ద ఎత్తున కనిపించేది సుమారు 54 కోట్ల ఏళ్ల కిందట మొదలైన కేంబ్రియన్ యుగంలో. మన దారీ ఆక్టోపస్ దారీ అప్పటికే చీలిపోయాయి. ఆక్టోపస్‌కి దాదాపు 50 కోట్ల నాడీకణాలు, వాటిలో ఎక్కువ భాగం చేతుల్లోనే. మనకు 8,600 కోట్లు. లెక్కలో ఇంత తేడా ఉన్నా నొప్పి తగిలిన చోటికి ఆక్టోపస్ కూడా మళ్లీ వెళ్లకుండా తప్పుకుంటుంది.

ఇంకొక సంగతి నన్ను బాగా కదిలించింది. మెదడు పైపొర దాదాపు లేకుండా పుట్టే పిల్లలుంటారు. బ్యోర్న్ మెర్కర్ అనే శాస్త్రవేత్త 2007లో వాళ్ల గురించి రాశారు. వాళ్లు మాట్లాడలేరు. కానీ నవ్వుతారు, ఏడుస్తారు, తెలిసిన మనుషుల్ని గుర్తుపట్టి ముఖం విప్పుతారు. దానికి భిన్నంగా, మెదడు కింది భాగంలో, అంటే వెన్నుపాముకు కలిసే కాండంలో, కొన్ని చోట్ల చిన్న దెబ్బ తగిలినా మనిషి కోమాలోకి పోతాడు. ఆలోచన కంటే ముందు ఆకలి, భయం, ఇష్టం ఉన్నాయనీ, స్పృహ వాటి దగ్గరే మొదలైందనీ వాదించే మెర్కర్, మార్క్ సోమ్స్ లాంటివాళ్లకు ఇదే ఆధారం. అందరూ ఒప్పుకోలేదు. స్పృహకు మెదడు పైపొర తప్పనిసరి అనే పక్షమూ గట్టిగానే ఉంది.

కింద కామెంట్లలో ఒకరు మంచి ప్రశ్న వేశారు: అలాగైతే ‘ప్రజ్ఞానం బ్రహ్మ’ సంగతేంటి అని. ఐతరేయోపనిషత్తులోని ఆ వాక్యం ప్రకారం ఎరుక ఎప్పుడో పుట్టింది కాదు, అదే మూలం. అద్వైతుల చైతన్యానికి పుట్టుక లేదు, ఎదుగుదల లేదు. అణువణువులోనూ ఎంతో కొంత అనుభవం ఉందనే ఇప్పటి తత్వవేత్తలు కొందరు కూడా ఆ దగ్గరికే వస్తారు. నా అభ్యంతరం సరిగ్గా అదే. ‘చైతన్యం ఎలా పరిణామం చెందింది’ అని రాస్తే, చైతన్యమంటే మార్పు లేనిది అని చదువుకున్నవాళ్లకు వాక్యం మొదట్లోనే తడబాటు. పైగా మామూలు వాడుకలో ‘ప్రజల్లో చైతన్యం తెచ్చారు’ అంటే కదలిక తెచ్చారని. స్పృహ అయితే వస్తుంది, పోతుంది, కొంచెం ఉంటుంది, సగం ఉంటుంది. మత్తుమందు డాక్టరు రోజూ చూసేది దాన్నే.

సోయి మాటేంటని తెలంగాణ మిత్రులు అడిగారు. ‘సోయి తప్పిండు’లో అది స్పృహకు సరిసమానం, నాకు ఇష్టమైన మాట కూడా. కథలో అయితే నేను అదే వాడతాను. శాస్త్రవ్యాసంలో దాని నుంచి కొత్త మాటలు కట్టడం కష్టం. స్పృహ నుంచి ఆత్మస్పృహ, పూర్వస్పృహ సులువుగా వస్తాయి. వేదాంతం చెప్పే పేరాలో చైతన్యమే ఉంచండి, అక్కడ దాన్ని మార్చకూడదు. మిగతా చోట్ల స్పృహ అని రాసి, మొదటిసారి వాడినచోట దాని పాత అర్థం ఒక్క వాక్యంలో చెప్పండి.