ఏఐ కొట్టిన మ్యాటర్‌కి కరెక్షన్ రేటు ఎలా పెట్టాలి?

కావలిలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. దస్తావేజులు పేజీకింత అని తీసుకుని ‘అను’ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టేవాళ్లం. ఈమధ్య జనం పాత దస్తావేజు ఫొటో తీసి, చాట్‌జీపీటీతో టైప్ చేయించి వాట్సాప్‌లో పంపుతున్నారు. ‘కొంచెం సరిచేసి ప్రింటివ్వన్నా’ అంటారు. అసలు పనంతా ఆ కొంచెంలోనే ఉంది. సర్వే నంబరు 112-3ఎ కాస్తా 112-34 అవుతుంది, హద్దుల్లో పడమర లైను మొత్తం ఎగిరిపోతుంది. పైకి చూస్తే అచ్చు శుభ్రంగానే ఉంటుంది మరి! ఒరిజినల్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూస్తే, కొత్తగా కొట్టినంత సేపూ పడుతోంది.

పాత రేటే అడిగితే వెళ్లిపోయారు. సగానికి చేస్తే ఆపరేటర్ జీతం కూడా రావడం లేదు. తప్పుకింత అంటే లెక్క దగ్గర గొడవ. ఈ కరెక్షన్ పనికి మీ ఊళ్లో పేజీ లెక్కన తీసుకుంటున్నారా, గంట లెక్కనా, ఎంత?