కెప్టెన్ కనిపించని రోజున ఆ డాలు ఫాల్కన్ పట్టాలా?

కావలి కథకుడు:
మా వీధి గ్రంథాలయం పిల్లలు వేసవి సెలవుల్లో నాటకం వేస్తామని పట్టుబట్టారు. పాత్రలు అమెరికా బొమ్మల కథలవి, అల్లిక మాత్రం వీళ్ళది. డాలు పట్టి పోరాడే వీరుడు కెప్టెన్ అమెరికా ఏమయ్యాడో తెలియదు. న్యూయార్క్ నగరంలోని హార్లెంలో నల్లవారి ఇళ్ళ మీదికి పాము ముసుగులు వేసుకున్న జాతి దురహంకారుల ముఠా వస్తోంది. కెప్టెన్ జోడీదారు ఫాల్కన్, అంటే శామ్ విల్సన్, ఒక్కడే మిగిలాడు. తెలియనివారి కోసం చెబుతున్నాను: ఈ పాత్ర 1969లో పుట్టింది, అతను హార్లెంలో సంఘసేవకుడు, రెడ్‌వింగ్ అనే డేగ అతనికి తోడు, 1971 నుంచి కొన్నేళ్ళపాటు పత్రిక ముఖచిత్రం మీద కెప్టెన్ పేరు పక్కనే అతని పేరూ అచ్చయింది.

పేచీ ఎక్కడ వచ్చిందంటే, పిల్లలు గుండిగ మూతకు ఎరుపు, నీలం రంగులు పూసి డాలు చేశారు. అట్టముక్కలకు పాత సైకిల్ ట్యూబు పట్టీలు బిగించి ఫాల్కన్ ఎగిరే రెక్కలు కూడా చేశారు. రెండూ తగిలిస్తే ఆ కుర్రవాడు చెయ్యి పైకెత్తలేకపోతున్నాడు. ఏదో ఒకటే ఉంచాలి. సగంమంది డాలు అంటున్నారు, సగంమంది రెక్కలు అంటున్నారు. సభ్యులు తమ అభిప్రాయాన్ని కారణాలతో సహా రాయవలసిందిగా కోరుతున్నాను.

ఉదయగిరి పెద్దాయన:
సందేహం దేనికి? డాలే పట్టాలి. లేనివాడి బాధ్యతను మోసేవాడు ఆ లేనివాడి గుర్తుతోనే మోయాలి. భరతుడు పద్నాలుగేళ్ళు నందిగ్రామం నుంచి రాజ్యం చూసింది పాదుకల పేరు మీదనే కదా. డాలు లేకుండా వెళితే, కెప్టెన్ పారిపోయాడని ముఠావాళ్ళు ఊరంతా చాటింపు వేస్తారు.

మూలాపేట పాఠకురాలు:
పెద్దాయన గారూ, భరతుడి పోలిక ఇక్కడ అతకదండీ. పాదుకలను పీఠం మీద ఉంచిన భరతుణ్ణి చూసి, నీ పుట్టుకకు ఆ పీఠం తగదని అన్నవాడు అయోధ్యలో ఒక్కడూ లేడు. శామ్ విల్సన్‌ను చూసి ఆ పాము ముఠా అనే మొదటి మాటే అది.

తిక్కన గారి ఊరివాళ్ళం, మనకు విరాటపర్వం ఉండగా మరో ఉదాహరణ ఎందుకు? విరాటుడు సుశర్మ మీదికి దక్షిణ దిక్కుకు వెళ్ళిన సమయంలో కౌరవులు ఉత్తరాన ఆవుల మందలను పట్టుకున్నారు. తండ్రికి బదులు నిలబడవలసిన ఉత్తరుడు అంతఃపురంలో బీరాలు పలికి, తీరా సేనను చూడగానే రథం దిగి పరుగెత్తాడు. యుద్ధం చేసింది బృహన్నల. అదీ ఎవరి ఆయుధంతోనో కాదు, జమ్మిచెట్టు మీద దాచుకున్న తన గాండీవంతో. అయినా గెలుపు వార్త నగరానికి చేరింది ఉత్తరుడి పేరు మీద. బృహన్నల తోడుండగా గెలవడంలో వింత లేదన్న పాపానికి కంకుడి ముఖాన విరాటుడు పాచికలు విసిరి నెత్తురు కళ్ళజూశాడు. పరాయి వేషంలో ఉన్నవాడి గెలుపు ఎవరి ఖాతాలో పడుతుందో ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? ఫాల్కన్ డాలుతో గెలిస్తే మర్నాడు హార్లెంలో వినిపించే మాట, కెప్టెన్ డాలు కాపాడిందని.

పైగా ఆ రెక్కలు తక్కువవా? కథలో 1974లో అతనికి వాటిని సమకూర్చింది వకాండా అనే కల్పిత ఆఫ్రికా దేశపు రాజు బ్లాక్ పాంథర్. ఆ రోజుల్లోనే కెప్టెన్ ప్రభుత్వం మీద విరక్తితో వేషం వదిలేస్తే, రాస్కో అనే యువకుడు ఆ దుస్తులు తొడుక్కుని కెప్టెన్ శత్రువు రెడ్ స్కల్ చేతిలో చచ్చిపోయాడు. అరువు వేషం అతన్ని కాపాడలేదు. నా ఓటు రెక్కలకే.

ఒంగోలు వకీలు:
పాఠకురాలు గారి వాదన బాగుంది కానీ, ఆ డాలు కెప్టెన్ సొంత ఆస్తి అన్న ఊహ మీద అది నిలబడింది. నేను ఆ ఊహనే ఒప్పుకోను. ఆ పాత్రను సృష్టించిన జో సైమన్, జాక్ కర్బీ ఇద్దరూ వలస వచ్చిన యూదు కుటుంబాల బిడ్డలు. అమెరికా ఇంకా యుద్ధంలో దిగకముందే, 1941 మార్చి తేదీతో వచ్చిన తొలి సంచిక ముఖచిత్రం మీద కెప్టెన్ చేత హిట్లర్ దవడ పగలగొట్టించారు. జాతి ద్వేషం ఎవరిని వేటాడుతోందో వాళ్ళే గీసుకున్న డాలు అది. (ఆ సంచికలో అది గుండ్రంగా లేదు, పైన వెడల్పుగా ఉండి కిందికి మొనదేలి ఉండేది, రెండో సంచిక నుంచి గుండ్రమైంది కనుక మీ గుండిగ మూతకు వచ్చిన ఇబ్బందేమీ లేదు.)

పాము ముఠా వాదమంతా ఒక్కటే: ఈ దేశమూ, దీని గుర్తులూ మావి, మీవి కావు. ఫాల్కన్ ఆ డాలును నేల మీద వదిలేసి రెక్కలతో వెళితే, ఆ వాదానికి సగం సంతకం పెట్టినట్టే. 2014లో స్టీవ్ రోజర్స్, అంటే అసలు కెప్టెన్, శక్తి ఉడిగి ముసలివాడయ్యాక శామ్ ఆ డాలు పట్టాడు. మరుసటి ఏడాది సరిహద్దు దాటి వచ్చే పేదలను ఎడారిలో పట్టుకునే అదే ముఠాను ఎదుర్కొన్నాడు. అక్కడ శత్రువు కంట్లో కారం కొట్టింది డాలు ఒక్కటే కాదు, దాన్ని పట్టిన చేతి రంగు కూడా.

చీరాల మగ్గం:
ఇద్దరూ వస్తువు దగ్గరే ఆగిపోయారు. ముసుగు వెనుక ఎవరున్నారో ఎవరూ అడగలేదు. ఈ పాము ముఠా 1966లో మొదటిసారి వచ్చినప్పుడు, చివరికి ముసుగు తీస్తే బయటపడింది ఒక విదేశీ సైన్యాధికారి. 1970లో మళ్ళీ వచ్చినప్పుడు, టీవీలో ఎదురెదురుగా కూర్చుని తిట్టుకునే ఒక తెల్లవాడూ ఒక నల్లవాడూ చాటుగా కలిసి ఆ ముఠాను నడుపుతున్నట్టు తేలింది. రెండుసార్లూ రచయితలు తప్పించుకున్నారనే నేను అంటాను. పక్కింటివాడే ముసుగు వేసుకుంటాడని చెప్పడానికి వాళ్ళకు నోరు రాలేదు. అంతకు ఇరవై ఏళ్ళ ముందు, 1946లో సూపర్‌మాన్ రేడియో నాటకం ఆ పని చేసింది: బేస్‌బాల్ జట్టులో ఒక చైనా కుర్రవాడికి చోటు దొరికితే, ఆ చోటు పోగొట్టుకున్న పిల్లవాడి దగ్గరి బంధువే ముసుగు ముఠాకు నాయకుడు.

మన వైపు ముసుగులు కూడా అవసరం పడలేదు. 1985 జూలై 17న, అప్పటి ప్రకాశం జిల్లాలోని కారంచేడులో దళితుల మీద పడినవాళ్ళు ఆ ఊరివాళ్ళే. ఆరుగురు దళితులు చనిపోయారు, మిగిలినవాళ్ళు చీరాలకు వచ్చి శిబిరంలో తలదాచుకున్నారు. సానుభూతి చూపినవాళ్ళు ఎందరో వచ్చారు కానీ, ఉద్యమం నిలబడింది కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివారి నాయకత్వంలో, దళిత మహాసభగా. వాళ్ళు ఎవరికో బదులు నిలబడినవాళ్ళు కారు. కాబట్టి కథకుడు గారూ, డాలా రెక్కలా అన్నది తరువాత తేల్చుకోవచ్చు. మీ నాటకంలో హార్లెం జనానికి ఒక్క మాటైనా ఉందా?

ఉదయగిరి పెద్దాయన:
పిల్లల నాటకంలోకి కారంచేడును తేవడం నాకు సబబుగా తోచలేదు. కులం వేరు, జాతి వర్ణం వేరు.

చీరాల మగ్గం:
వేరే, కాదనను. కానీ ఆ నాటకం చూడబోయేది కావలి జనం కదండీ.

కావలి కథకుడు:
మగ్గం గారి ప్రశ్నకు జవాబు, లేదు. జనం చివర్లో చప్పట్లు కొట్టడానికి మాత్రమే ఉన్నారు. ఈ పూట పిల్లలతో కూర్చుని మార్చాము. ఫాల్కన్ రెక్కలతోనే వస్తాడు. కెప్టెన్ ఇంట్లో మిగిలిన డాలును ముఠా ఎత్తుకుపోబోతే, వీధిలోని ఆడవాళ్ళు అడ్డం నిలబడి ఇవ్వరు. మొదటి సంభాషణ వాళ్ళదే. ముసుగు తీసినప్పుడు బయటపడేది ఆ వీధి చివరి కొట్టు యజమాని.

ఒంగోలు వకీలు:
ముసుగు సంగతి మెచ్చుకుంటున్నాను. డాలు మాత్రం ఇప్పటికీ శామ్ చేతికి రాలేదు, అందుచేత నేను ఒప్పుకోను. బరువే సమస్య అయితే గుండిగ మూత మాని అట్టతో చేయించండి.

మూలాపేట పాఠకురాలు:
అట్టతో చేసినా ఆ గెలుపు కెప్టెన్ ఖాతాలోకే పోతుంది, వకీలు గారూ.