అప్‌డేట్: అమ్మ రిపోర్టులో ఎంసీవీ తక్కువ, ఆర్‌డీడబ్ల్యూ ఎక్కువ
అమ్మ రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 9.2, ఎంసీవీ 70, ఆర్‌డీడబ్ల్యూ 18 వచ్చాయి, వీటి అర్థమేంటని అడిగాను కదా, జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండి. డాక్టర్ గారు ఫెరిటిన్ పరీక్ష రాశారు, అది బాగా తక్కువ వచ్చింది, అంటే ఒంట్లో ఐరన్ నిల్వలు అయిపోయాయన్నమాట.

ఎంసీవీ అంటే ఎర్ర రక్తకణం సగటు సైజు, పెద్దవాళ్లలో మామూలుగా 80 నుంచి 100 ఫెమ్టోలీటర్లు ఉంటుంది. ఐరన్ చాలక హిమోగ్లోబిన్ సరిగ్గా తయారవ్వకపోతే కొత్త కణాలు చిన్నవిగా వస్తాయి, పాతవేమో దాదాపు 120 రోజులు బతుకుతాయి కాబట్టి కొంతకాలం పెద్దవీ చిన్నవీ కలిసే తిరుగుతుంటాయి, ఆ తేడానే ఆర్‌డీడబ్ల్యూ చూపిస్తుంది. మీలో ఒకరు తలసీమియా ట్రెయిట్ (హిమోగ్లోబిన్ తయారీలో వంశపారంపర్యంగా వచ్చే చిన్న లోపం) కావచ్చేమో అన్నారు. అందులోనూ కణాలు చిన్నవే గానీ సైజులు చాలావరకు ఒకేలా ఉంటాయట, అమ్మకేమో ఆర్‌డీడబ్ల్యూ ఎక్కువ.

నాకు మాత్రం అసలు ప్రశ్న ఐరన్ ఎందుకు తగ్గింది అన్నదే. మాత్రలు ఇచ్చి వదిలేయకుండా, కడుపులో ఎక్కడైనా రక్తం పోతోందేమో చూడాలని డాక్టర్ గారు ఎండోస్కోపీ కూడా రాశారు, చాలా మంచి పని చేశారు. హిమోగ్లోబిన్ మామూలుకి వచ్చాక కూడా నిల్వలు నిండడానికి ఇంకో 3 నెలలు మాత్రలు వాడాలట. ఎండోస్కోపీ వచ్చే వారం.