10×10 గదిల పాట రికార్డింగు, 25,000 బడ్జెట్: కండెన్సర్ మైకా, డైనమిక్ మైకా?

బంతిపూలతోట:
హన్మకొండల గది, 10 అడుగులకు 10. స్లాబు ఎత్తు కూడ 10. ఒక కిటికీ, ఒక తలుపు, మిగతాదంత ఉత్త గోడ. పాడేది ఆడగొంతు, వెనక ఇద్దరు కోరస్, కొన్ని పాటలకు డప్పు. బతుకమ్మ కంటే ముందే ఐదు పాటలు రికార్డు చేయాలె. లాప్‌టాప్ ఉంది, మిగతాదానికి 25,000 దాటొద్దు. కండెన్సర్ (సన్న శబ్దం కూడ పట్టే మైకు) లేకుంటే గొంతు మెరవదని కొందరు, ఉత్త గదిల కండెన్సర్ పెడితే బావిల పాడినట్టొస్తదని ఇంకొందరు. ఏది కొనాలె?

కాజీపేట జంక్షన్:
డైనమిక్, స్టేజీల మీద చేత పట్టుకునే మొరటు మైకు. ష్యూర్ కంపెనీ డైనమిక్ మైకు ఎస్ఎం58 1966 నుంచి నడుస్తుందంటే ఊరికెనే కాదు. కండెన్సర్ అయితే పక్కింటి మిక్సీ, ఫ్యాను, రైలు అన్నీ పాటల కలుస్తయి. డైనమిక్ గదిని పట్టదు.

వడ్డేపల్లి కట్ట:
గదిని పట్టదన్నది సగం మాటే అన్నా. రెండూ కార్డియాయిడ్ (ముందటిది ఎక్కువ, వెనకది తక్కువ వినే మైకు) అయి, ఒకే దూరంల పెడితే, గొంతెంత గదెంత అన్న పాలు రెండిట్ల దాదాపు ఒక్కటే. తేడా సెన్సిటివిటీల, అంటే అంతే శబ్దానికి మైకు ఎంత సిగ్నల్ ఇస్తదన్న దాంట్ల. ఎస్ఎం58ది -54.5 డీబీ (డెసిబెల్), ఆడియో-టెక్నికా కంపెనీ కండెన్సర్ ఏటీ2020ది -37 డీబీ. అదే గొంతుకు ఏటీ2020 17 డీబీ పైన ఎక్కువ సిగ్నల్ ఇస్తది. గొంతూ పెరుగుతది, రైలూ పెరుగుతది. గెయిన్ (సిగ్నల్ ఎంత పెంచాలె అన్నది) దించితే రెండూ దిగుతయి. డైనమిక్ శుభ్రంగ వినబడేది పెదవులకు ఆనించి పాడుతరు గనుక. మైకు దూరం సగమైతే గొంతు 6 డీబీ పెరుగుతది, గది మోత ఉన్నకాడనే ఉంటది. ఆ లాభం కండెన్సర్‌కు కూడ ఉంటది.

పైగ మెల్లగ ఎత్తుకునే పాటకు డైనమిక్ పెట్టి చూడున్రి. చవక ఇంటర్‌ఫేస్‌ల (మైకును లాప్‌టాప్‌కు కలిపే డబ్బా) గెయిన్ చివరిదాక తిప్పాలె, అక్కడ ప్రీయాంప్ (అందుల సిగ్నల్ పెంచే భాగం) ఉస్సుమనుడు మొదలైతది. దాన్ని నాయిస్ రిడక్షన్‌తోని తీసేస్తే గొంతుల ప్రాణం కూడ పోతది.

కాజీపేట జంక్షన్:
లెక్క ఒప్పుకుంట. కాని ఆనించి పాడితే కండెన్సర్‌ల ప, బ అక్షరాలు పేలుతయి. జానెడు దూరంల తల కదపకుండ పాట మొత్తం పాడాలె. కొత్తోళ్లకు అది అయ్యే పనేనా? వానకాలం చెమ్మకు కండెన్సర్ చిటపటమంటది కూడ.

వడ్డేపల్లి కట్ట:
పాప్ ఫిల్టర్ (నోటి గాలిని ఆపే జాలి) మైకుకు బెత్తెడు ముందట బిగిస్తే పేలుడూ తగ్గుతది, దూరం కూడ అదే కాపాడుతది. మైకును నోటికి సూటిగ కాకుండ కొద్దిగ పక్కకు తిప్పాలె. చెమ్మకు డబ్బాల సిలికా జెల్ సంచులు రెండు వేస్తె సరి. ఇంటర్‌ఫేస్‌ల 48 వోల్టుల ఫాంటమ్ (కండెన్సర్‌కు వైరులనే పోయే కరెంటు) ఉండాలె. వైరును 3.5 ఎంఎం పిన్నుతోని లాప్‌టాప్‌కు గుచ్చే కిట్లు మాత్రం వద్దు, అక్కడ ఆ వోల్టేజీ రాదు.

కొత్తవాడ మగ్గం:
మీరిద్దరు మైకు కాడనే ఆగిండ్రు. పొడుగు, వెడల్పు, ఎత్తు మూడూ ఒక్కటే అంటే రికార్డింగుకు అంతకన్న చెడ్డ కొలత లేదు. శబ్దం సెకనుకు సుమారు 1,130 అడుగులు పోతది. 10 అడుగుల గోడల నడుమ మొదటి మోత (గోడల నడుమ తిరిగి తిరిగి ఉబ్బే శబ్దం) 56 హెర్ట్జ్ కాడ, రెండోది 113 కాడ. మూడు దిక్కులా అవే అంకెలు ఒకదాని మీదొకటి పడుతయి. ఆడగొంతు చాలావరకు దానిపైనే తిరుగుతది గని, డప్పు గుమ్ము, కోరస్‌ల మగగొంతు ఉంటే అదీ అందులనే ఇరుక్కుంటయి. ఆ 113 మోత గది నడిమిట్ల గట్టిగుంటది, కాబట్టి మైకు ఒక గోడకు మూడడుగుల దూరంకు జరపాలె. నిలబడితే నోరు దాదాపు 5 అడుగుల ఎత్తుల, అంటే మళ్ల నడిమిట్లనే. కింద కూసోని పాడితే ఆ బాధ కూడ తగ్గుతది.

గుడ్ల ట్రేలు, అంగుళం ఫోమ్ అతికిస్తె సన్న శబ్దం పోయి గుమ్ము మిగులుతది. దర్రీ వేలాడదీసినా అంతే. వరంగల్ దర్రీలకు 2018ల జీఐ (ఆ ఊరి సరుకని సర్కారు ఇచ్చే) గుర్తింపొచ్చింది శబ్దం మింగుతదని కాదు! గోడకు 4 అంగుళాలు ఎడం ఉంచి, రెండు మడతలేస్తె నయం. అంతకంటె దూది పరుపు మేలు: 4 అంగుళాలది రెండు, పాడేటామె వెనక మూలల నిలబెట్టాలె. చాలమంది మైకు వెనక కడుతరు. కార్డియాయిడ్‌కు వెనక వైపు ఎట్లాగూ వినబడదు, ముందట ఉన్నదే వింటది. పాడేటామె వెనక గోడ దాని ముందటే కద.

పైసలు మిగిలితే రాక్‌వూల్ (రాతి నారతోని చేసిన పలకలు). 4×2 అడుగుల పలక, 2 అంగుళాల మందం, ఘనమీటరుకు 48 కిలోలది, ఆరు చాలు. ఫ్రేము 4 అంగుళాల లోతు చేయించి వెనక 2 అంగుళాలు ఖాళీ విడవాలె. పైన చుట్టే గుడ్డకు నోటితోని ఊదితే గాలి అవతలికి పోవాలె, రెక్సిన్ పనికిరాదు. కోసేటప్పుడు మాస్కు, గ్లౌజులు తప్పవు. ఇంత చేసినా 113 మొత్తం పోదు, మందం సరిపోదు. మిగిలింది సాఫ్ట్‌వేరుల ఈక్యూతోని (ఒక్కో శ్రుతిని పెంచే, దించేది) కోసుకోవాలె.

దరువు:
డప్పు సంగతి ఎవరూ చెప్పకపోతిరి. ఏటీ2020 144 డీబీ దాక తట్టుకుంటది, పగిలేది ప్రీయాంప్. మైకు మూడు, నాలుగు అడుగుల దూరంల, తోలుకు సూటిగ కాకుండ వారగ. గట్టి దెబ్బలు కొట్టిచ్చి మీటరు -12 డీబీ దాటకుండ గెయిన్ పెట్టున్రి. మొత్తం దించినా పగిలితే అప్పుడు డైనమికే. కాపిన డప్పు చల్లారితే శ్రుతి దిగుతది, ఒక పాట డప్పు ఒక్క ఊపుల ముగియాలె. ముందు డప్పు ఒక ట్రాక్, దాని మీద గొంతు. హెడ్‌ఫోన్ చెవులను పూర్తిగ మూసేది కాకుంటే ఆ డప్పు మళ్ల గొంతు మైకులకు కారుతది.

వడ్డేపల్లి కట్ట:
బఫర్ (లాప్‌టాప్ శబ్దాన్ని కొంత కొంత పోగేసి పంపే తునక) సంగతి కూడ. 48 కిలోహెర్ట్జ్‌ల 128 శాంపిళ్లంటే 2.7 మిల్లీసెకన్ల ఆలస్యం, పోయి వచ్చేసరికి రెండింతలు దాటుతది. లాప్‌టాప్ 128 మోయకపోతే ఇంటర్‌ఫేస్ మీది డైరెక్ట్ మానిటర్ నొక్కి పాడున్రి, గొంతు లాప్‌టాప్ చుట్టు తిరగకుండనే చెవికొస్తది.

బంతిపూలతోట:
స్పీకర్లు?

కొత్తవాడ మగ్గం:
ఆ గదిల వద్దు. స్పీకరు చెప్పేది కాదు, గది చెప్పేది వింటరు. మైకు, ఇంటర్‌ఫేస్ కలిపి 16,000 లోపల చూడున్రి. హెడ్‌ఫోన్, స్టాండు, వైరుకు 5,000, పరుపులకు మిగిలింది. సాఫ్ట్‌వేరుకు పైసలొద్దు, ఆడాసిటీ ఉచితం. రీపర్‌ను 60 రోజులు ఊరికెనే వాడి చూడొచ్చు.

కాజీపేట జంక్షన్:
నాది ఇంక డైనమికే. ఏది కొన్నా, రికార్డు చేసేటప్పుడు ఫ్యాను స్విచ్చే ఆపున్రి, రెగ్యులేటరు సగంల ఉంటే అదే జుయ్యిమంటది. రెండు పిన్నుల చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపున్రి. ఇంక జుయ్యి ఉంటే ఇంటి ఎర్తింగ్ చూపిచ్చున్రి.