మాంట్‌గమరీ బస్సుల బహిష్కరణ ఏడాదికి పైగా ఎలా నిలబడింది?

ప్రశ్న: అమెరికాలో అలబామా రాష్ట్రంలోని మాంట్‌గమరీలో, బస్సుల్లో నల్లవాళ్లను వేరుగా కూర్చోబెట్టడానికి నిరసనగా నల్లజాతివాళ్లు బస్సులెక్కడం మానేశారు కదా. 1955 డిసెంబరు 5న మొదలైన ఈ బహిష్కరణలో రోజూ పనికెళ్లేవాళ్లు ఏం చేశారండీ? చివరికి గెలిపించింది బహిష్కరణా, కోర్టా?

జవాబు: మొదట్లో నల్లజాతి టాక్సీవాళ్లు బస్సు చార్జీకే, అంటే 10 సెంట్లకే ఎక్కించుకున్నారు. కనీసం 45 సెంట్లు తీసుకోవాల్సిందేనని నగరం నిబంధన బయటికి తీసింది. దాంతో సొంత కార్లు దింపారు, దాదాపు 300. ఎక్కే చోటు, దిగే చోటు ముందే ఖరారు. చర్చిల పేరు మీద స్టేషన్ వ్యాగన్లూ నడిపారు. స్థానికంగా ఈ బండ్ల ఇన్సూరెన్స్ రద్దు చేయిస్తే లండన్‌లోని బీమా సంస్థ లాయిడ్స్ నుంచి తెచ్చుకున్నారు.

జవాబు: కోర్టు సంగతి. బస్సులో తెల్లవాళ్ల కోసం సీటు ఖాళీ చేయనన్న నల్లజాతి మహిళ రోసా పార్క్స్‌కు కోర్టు ఖర్చులతో కలిపి 14 డాలర్ల జరిమానా పడింది. ఆ అప్పీలు రాష్ట్ర కోర్టుల్లోనే నానుతుందని లాయర్ ఫ్రెడ్ గ్రే 1956 ఫిబ్రవరి 1న ఫెడరల్ (కేంద్ర) కోర్టులో, బస్సుల్లో జాతి వేర్పాటే చెల్లదంటూ వేరే దావా వేశారు, అదే బ్రౌడర్ కేసు. అందులో ఆమె పేరు కావాలనే చేర్చలేదు. అసలు గెలిచింది ఆ బ్రౌడర్ కేసే, చాలామంది పొరబడేదిక్కడే.

ప్రశ్న: మరి బహిష్కరణ మొదట్లో డిమాండు కూడా బస్సుల్లో జాతి వేర్పాటు రద్దేనా?

జవాబు: కాదండీ! నల్లవాళ్లు వెనక నుంచి, తెల్లవాళ్లు ముందు నుంచి సీట్లు నింపుకుంటూ రావాలి, ఎవరు ముందొస్తే వాళ్లకు సీటు. సీట్ల విషయంలో అడిగింది అంతే. ఆ కాస్తకీ నగరం ససేమిరా అంది, తన గొయ్యి తనే తవ్వుకుంది. 1956 నవంబరు 13న బ్రౌడర్ కేసులో, బస్సుల్లో వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అదే రోజు స్థానిక కోర్టు కార్ల ఏర్పాటును ఆపేసింది. సుప్రీంకోర్టు ఉత్తర్వు నగరం చేతికందింది డిసెంబరు 20న. ఆ ఐదు వారాలూ చాలామంది నడిచే వెళ్లారు.